అండమాన్ ఎంపీ నెలంతా ఏం చేస్తారు?

అండమాన్ నికోబార్‌కు శాసనసభ లేదు, ఎమ్మెల్యేలూ లేరు. పాలన లెఫ్టినెంట్ గవర్నర్‌ది. జనం ఓటేసి ఢిల్లీకి పంపేది ఒక్క ఎంపీనే. అందుకే మన ఊళ్లలో ఎమ్మెల్యే గుమ్మం దగ్గర తేలిపోయే గోడు కూడా ఆయన దాకా వెళ్తుంది: ఓడ టికెట్ దొరకలేదు, మా దీవిలో డాక్టర్ లేరు, పేషెంట్‌ను హెలికాప్టర్‌లో పోర్ట్‌బ్లెయిర్‌కు (2024 నుంచి శ్రీ విజయపురం) చేర్చాలి.

పార్లమెంటు నడిచే నెలల్లో ఢిల్లీలో ప్రశ్నలు, మంత్రులకు వినతిపత్రాలు. మిగతా నెలల్లో దీవుల పర్యటన. అసలు కష్టం ఇక్కడే. దక్షిణ కొసన గ్రేట్ నికోబార్ దీవిలో ఉన్న క్యాంప్‌బెల్ బే, రాజధాని పోర్ట్‌బ్లెయిర్‌కు దాదాపు 500 కిలోమీటర్లు. ఓడెక్కితే రోజు దాటుతుంది, సముద్రం బాగోకపోతే అదీ లేదు. ఏడాదికి 5 కోట్ల ఎంపీ నిధుల్లో పనులు సిఫార్సు చేయగలరు, చేయించాల్సింది అధికారులే. పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, విశాఖ ఓడ వాళ్లకు ప్రాణం.