భువనేశ్వర్ వెళ్తున్న మా అమ్మలుకి

పర్లాకిమిడి

అమ్మలూ,

భువనేశ్వర్ వాలీబాల్ జట్టులో, నెట్ మధ్యలో నిలబడి దాడిని అడ్డుకునే మిడిల్ బ్లాకర్‌గా తీసుకున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. వీధి వీధంతా చెప్పుకొచ్చాను. రాత్రి మాత్రం కంటికి కునుకు లేదు. నీ మోకాళ్ళ మీదే బెంగ.

నీళ్ళు తాగు. వేళకి పడుకో. నెలసరి రోజుల్లో నీరసంగా ఉంటే కోచ్‌కి చెప్పడానికి సిగ్గుపడకు.

మీ నాన్న సంగతి నీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు. నీ వయసులో ఒక ఏడు వేసవంతా అన్నయ్య బరువులెత్తాడు, మహేంద్రతనయ ఏటి ఇసకలో పరుగెత్తాడు. చిన్న రైలెక్కి గుణుపురం వెళ్ళి ఆడితే, ఎగిరి బంతిని బలంగా కొట్టే వాడి స్పైక్‌కి అవతలి ఊరివాళ్ళే ఈలలు వేశారు. ఎంత అందంగా లేచేవాడనీ! అప్పుడే ఎవరో సీనియర్ "మ్యాచ్‌లు మొదలయ్యాక బరువులెందుకురా, ఆటే చాలు" అన్నాడు. అన్నయ్య మానేశాడు. ఆటతో దమ్ము నిలుస్తుంది గానీ కాళ్ళ బలం నిలవదు, కొన్ని వారాల్లోనే జారిపోతుంది. సీజన్ సగానికొచ్చేసరికి ఎగురు తగ్గింది. తగ్గిందన్న పంతంతో ఇంకా ఎగిరాడు. మోకాలిచిప్ప కింద నొప్పి మొదలైతే స్ప్రే కొట్టి, క్రేప్ బ్యాండేజీ చుట్టి ఆడాడు. కండ తొందరగా బలపడుతుంది, కండని ఎముకకి పట్టి ఉంచే టెండన్ నిదానంగా బలపడుతుంది. దానికి తెరిపి ఇవ్వకపోతే పాడవుతుంది. మీ నాన్న నేల మీద కూర్చుని భోంచెయ్యలేకపోవడం వయసు వల్లనుకున్నావు కదూ? నీ వయసప్పటి నుంచీ అంతే.

నువ్వూ ఆ పంతం పిల్లవే. బంతి నీకు రాకపోయినా అవతలివాళ్ళని ఏమార్చడానికి ఎగరాలి, ప్రతి దాడికీ 2.24 మీటర్ల నెట్ మీద చేతులు లేపాలి. అందుకని సీజన్‌లోనూ వారానికి ఒకటి రెండుసార్లు బరువు మోస్తూ గుంజీళ్ళలా స్క్వాట్లు చెయ్యి. విడతలు తగ్గించు, ఎత్తే బరువు బాగా తగ్గించెయ్యకు. మ్యాచ్ ముందు రోజు మాత్రం వద్దు. దిగేటప్పుడు రెండు కాళ్ళ మీదా దిగు, మోకాళ్ళు వంచి. నెట్ కింద అవతలి పిల్ల పాదం మీద పడితే చీలమండ బెణికిపోతుంది, చూసుకో.

సోమవారం సోమవారం వేలికి సుద్ద రాసుకుని గోడ పక్కన ఎగిరి గీత పెట్టు. వరసగా రెండు వారాలు గీత కిందికి దిగితే కోచ్‌కి చూపించి ఎగరడం తగ్గించమను. చిప్ప కింద నొప్పొస్తే ఆ రోజే చెప్పు. దాచావో, నేనే రైలెక్కి వచ్చేస్తాను, నా తల్లీ.

మొదటి సోమవారం గీత ఎంత ఎత్తుందో నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్త