అడవి వెల్లుల్లి: బుట్టలో ప్రతి ఆకూ అదే వాసన వస్తుంటే

అడవి వెల్లుల్లి యూరప్ అడవుల్లో పెరిగే, ఆకులు తినే మొక్క; ఆకు నలిపి వాసన చూసి దాన్ని గుర్తుపడతారు. కానీ ఆ వాసన మీ చేతులది కావచ్చు. నాలుగు ఆకులు తుంచాక వేళ్లకు ఘాటు పట్టేస్తుంది, ఇక గడ్డి నలిపినా వెల్లుల్లి వాసనే.

1. చాలామంది వదిలేసేది ఇదే: గుప్పెళ్లతో లాగకుండా, ఒక్కో ఆకునూ కాడ మొదలు దాకా చూసి తుంచండి. అడవి వెల్లుల్లిలో ప్రతి ఆకూ సొంత కాడతో నేలలోంచి విడిగా వస్తుంది, మెత్తగా ఉంటుంది. దానిలాగే కనిపించే లిల్లీ ఆఫ్ ద వ్యాలీ అనే మొక్కలో ఒకే కాడకు రెండు ఆకులు చుట్టుకుని ఉంటాయి. అలాగే పోలి ఉండే కోల్చికమ్ అనే మొక్క ఆకులకు కాడే ఉండదు, బిరుసుగా ఉంటాయి. ఈ రెండూ విషం, ఉడికించినా పోదు.

2. ఇప్పటికే తెచ్చినవాటిలో కాడ తెగి గుర్తుపట్టలేనివి పారేయండి. ప్రాణం ఉసూరుమంటుంది, తప్పదు.

3. మిగిలినవి కడిగి, తరిగి, పొయ్యి ఆపాక సూప్‌లో కలపండి. ముందే వేస్తే ఘాటు పోతుంది.