పాత బేస్ గిటార్ అమ్మితే వచ్చే డబ్బును నమ్ముకుని కొత్తది ఈఎంఐలో కొనవచ్చా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. స్టేజీ ప్రోగ్రాముల్లో, రికార్డింగుల్లో బేస్ గిటార్ వాయిస్తాను. ఆదాయం ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదు. 2012లో కొన్న మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే ఉంది. అదే కంపెనీ స్టింగ్‌రే స్పెషల్ దానికంటే తేలిక, ప్రీఆంప్ (శబ్దాన్ని పెంచి, సరిదిద్దే లోపలి సర్క్యూట్) కూడా కొత్తది. ఇలా ఫీచర్లు మారుతూ పోతే నా పాతదాని రేటు పడిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. అందుకే ఇప్పుడే క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద స్పెషల్ తీసుకుని, పాతది అమ్మి ఆ బాకీ తీర్చేద్దామనుకుంటున్నాను. విడిగా పొదుపు లేదు. కష్టమొస్తే అమ్ముకోవడానికి గిటార్లు ఉన్నాయి కదా అన్న ధైర్యం. నా ప్లాన్ సరైనదేనా?

జవాబు: సరైనది కాదు. ఈఎంఐకి ఇంకా ఒప్పుకోకపోతే అక్కడే ఆగండి.

గిటార్ గురించి మీరు రాసినదాని కంటే చివర రాసిన రెండు వాక్యాలే నన్ను ఎక్కువ కంగారు పెట్టాయి. పొదుపు లేదు, గిటార్లున్నాయన్న ధైర్యం ఉంది. కెమెరాలున్న ఫొటోగ్రాఫర్లు, సొంత బండి ఉన్న డ్రైవర్లు కూడా ఇదే మాట అంటారు. పనిముట్టును పొదుపు కింద లెక్కేసుకోవడం చాలామంది చేసే పొరపాటు. పని లేనప్పుడే డబ్బు అవసరం పడుతుంది. అప్పుడు పనిముట్టు అమ్మేస్తే, మళ్లీ పని వచ్చిన రోజున దేంతో వాయిస్తారు?

ముందు మీ భయం సంగతి చూద్దాం, ఎందుకంటే తొందర అక్కడే పుట్టింది. కొత్త ఫీచర్ వచ్చినంత మాత్రాన పాత బేస్ రేటు కూలిపోదు. బేస్ గిటార్ ఫోన్ లాంటిది కాదు. ఫెండర్ ప్రెసిషన్ 1951లో, జాజ్ బేస్ 1960లో వచ్చాయి. ఆ డిజైన్లనే నేటికీ కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. మీ స్టింగ్‌రేనే తీసుకోండి. 1976లో వచ్చినప్పుడు దాని ప్రీఆంప్‌లో శబ్దాన్ని సరిదిద్దడానికి బాస్ (లోతైన శబ్దం), ట్రెబుల్ (సన్నని శబ్దం) రెండే నాబ్‌లు. తర్వాత మిడ్ (మధ్యస్థాయి శబ్దం) కూడా చేర్చి మూడు బ్యాండ్ల మోడల్ తెచ్చారు. అయినా రెండు బ్యాండ్ల శబ్దమే కావాలని వెతికేవాళ్లు తగ్గలేదు. చివరికి కంపెనీయే క్లాసిక్ పేరుతో ఆ పాత తరహా మోడల్ తెచ్చింది. 1984లో మ్యూజిక్ మ్యాన్ కంపెనీ ఎర్నీ బాల్ అనే సంస్థ చేతికి వెళ్లకముందు తయారైన స్టింగ్‌రేలకైతే కలెక్టర్లలో గిరాకీ వేరే.

ఇక ఏ ఫీచర్ రీసేల్‌ను కదిలిస్తుంది, ఏది కదిలించదు అంటే, నేను చూసే గీటురాయి ఒకటే: కొనేవాడు దాన్ని తర్వాత బిగించుకోగలడా? పికప్ (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చేది), బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం), ట్యూనింగ్ కీలు, ప్రీఆంప్ అన్నీ మార్చుకోవచ్చు. కాబట్టి అవి కొత్త మోడల్‌లో ఎంత బాగున్నా పాతదాని రేటును పెద్దగా లాగవు. చెక్కతో పాటు వచ్చేవి అలా కాదు. బాడీ బరువు, నెక్ మందం, ఫ్రెట్‌బోర్డు (నెక్ మీద వేళ్లు నొక్కే చెక్క) వంపు సులువుగా మార్చలేం. 2018లో వచ్చిన స్పెషల్‌లో నియోడిమియం అయస్కాంతాల పికప్, 18 వోల్టుల ప్రీఆంప్ గురించి ఎక్కువ మాట్లాడుకున్నారు కానీ, మీ పాతదాని రేటుకు నిజంగా పోటీ దాని బరువే. మూడు గంటలు నిలబడి వాయించేవాళ్లకు అరకిలో తేడా కూడా భుజానికి తెలుస్తుంది. మీ బేస్‌ను ఒకసారి తూకం వేయండి. తేలికగా ఉంటే, అమ్మే రోజున ఆ తూకం ఫొటోయే మీకు బేరంలో పనికొస్తుంది.

సెకండ్ హ్యాండ్ రేటు ఎక్కువగా కొత్తదాని ధరను పట్టుకుని నడుస్తుంది. కొత్త మోడల్ ఎక్కువ ధరకు వస్తే పాతదానికి అదే ఆసరా అవుతుంది. షాపులు పాత స్టాకును డిస్కౌంట్‌లో వదిలించుకునే కొన్ని నెలలు మాత్రం రేటు నీరసంగా ఉంటుంది. మీలాగే భయపడి అందరూ అమ్మకానికి పెట్టేదీ అప్పుడే. కొన్నిసార్లు అసలు కారణం ఫీచర్లకు సంబంధమే లేని చోటు నుంచి వస్తుంది. 2017 జనవరిలో సైటిస్ (అంతరించే జంతువులు, మొక్కల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) కింద రోజ్‌వుడ్ అంతటినీ నియంత్రణలోకి తెచ్చారు. రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డు ఉన్న గిటార్‌ను వేరే దేశం వాళ్లకు అమ్మాలంటే పర్మిట్లు కావలసి వచ్చింది. తయారైన వాయిద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు దొరికింది. అలాంటి మార్పును ముందే ఊహించి ఎవరు ప్లాన్ వేసుకోగలరు?

సరే, రేటు కూలదని చెప్పాను కదా అని దాన్ని నమ్ముకుని అప్పు చేయకండి. రేటు ఉండటం వేరు, అడిగిన రోజున డబ్బు చేతికి రావడం వేరు. నేరుగా కొనేవాడు దొరకడానికి వారాలు పట్టవచ్చు. షాపుకి ఇస్తే వాళ్ల లాభం తీసేసుకుని ఇస్తారు. మాటవరసకు మీరు 60 వేలు వస్తుందనుకుంటే షాపు 40 వేలు ఇచ్చిందనుకోండి, ఆ 20 వేల బాకీ కార్డు మీదే ఉండిపోతుంది. ఈఎంఐ కదా, వడ్డీ తక్కువేలే అంటారు. మీలా ఆదాయం ఎగుడుదిగుడుగా ఉన్నవాళ్లు ఒక్క కిస్తీ తప్పితే చాలు, కట్టని మొత్తం కార్డు మామూలు వడ్డీలోకి జారుతుంది. అది నెలకు 3 శాతం అయితే చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. ఇంకా అమ్ముడుపోని వస్తువు మీద ఆశతో ఇంత వడ్డీ అప్పు నెత్తిన పెట్టుకోవడం నాకు అస్సలు మింగుడుపడదు. వడ్డీ లేని ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఎంతో అడగండి, నగదుకిచ్చే డిస్కౌంట్ ఎంత పోతుందో కూడా అడగండి.

కరోనా వచ్చిన 2020ని గుర్తు తెచ్చుకోండి. ఇళ్లలో ఉండిపోయిన జనం గిటార్లు కొన్నారు, ఫెండర్‌కు అప్పటిదాకా లేనంత అమ్మకాలు జరిగాయి. అదే ఏడాది స్టేజీ మీద వాయించేవాళ్లకు నెలల తరబడి ఒక్క ప్రోగ్రాం లేదు. ఆ నెలల్లో ఇంటి అద్దె కట్టించింది ఎవరికైనా బ్యాంకులో ఉన్న డబ్బే.

కాబట్టి మీ మొదటి పని అత్యవసర నిధి. నెల జీతం వచ్చేవాళ్లకు ఆరు నెలల ఖర్చు సరిపోతుందంటాను, మీకు మాత్రం తొమ్మిది నుంచి పన్నెండు నెలలది కావాలి. అద్దె, తిండి, ఫీజులు, ప్రీమియాలు, ఉన్న కిస్తీలు అన్నీ ఆ లెక్కలో పడాలి. బాగా ప్రోగ్రాములున్న నెలలో వచ్చిన అదనపు డబ్బును ఖర్చు ఖాతాలో ఉంచకుండా అదే రోజు వేరే ఖాతాలోకి మార్చండి. మొదటి మూడు నెలల ఖర్చు చేరేదాకా గిటార్ షాపుల పేజీలు చూడకపోతే మరీ మంచిది. ఆరోగ్య బీమా లేకపోతే ఈ నెలే తీసుకోండి. ఇంటి పాలసీ ఉంటే, డబ్బు తీసుకుని వాయించే వాయిద్యానికి అది వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. చాలా పాలసీల్లో వర్తించదు.

నిధి నిండాక కూడా మీ భుజం ఆ తేలిక బేస్‌నే కోరితే తప్పకుండా కొనండి, కాకపోతే సెకండ్ హ్యాండ్‌ది. కొత్తదాని ధరలో మొదట పడే పెద్ద తరుగు అప్పటికే వేరేవాళ్లు భరించి ఉంటారు. నెక్ నిటారుగా ఉందా, ట్రస్ రాడ్ (నెక్ వంపును సరిచేసే లోపలి కడ్డీ) రెండు వైపులా తిరుగుతోందా, బ్యాటరీ పెట్టెలో తుప్పు ఉందా, ఫ్రెట్లు (నెక్ మీది లోహపు గీతలు) ఎంత అరిగాయి అన్నవి చేత్తో పట్టుకుని చూశాకే డబ్బివ్వండి. పాతదాన్ని మాత్రం దాని అసలు భాగాలతో సహా ముందే అమ్మి, డబ్బు ఖాతాలో పడ్డాకే ఆ బేరానికి వెళ్లండి.