కండ పెరగాలంటే బరువు ఎప్పుడు పెంచాలి?

చిరంజీవి కిరణ్‌కు,

నువ్వు పంపిన ఆరు రోజుల షెడ్యూల్ చూశాను. ఒక్క ఛాతీకే ఏడు రకాల వ్యాయామాలు రాసుకున్నావు! ఏళ్ల తరబడి బరువులెత్తేవాళ్లలో కూడా చాలామంది ఒక్క రోజులో అన్ని చేయరు. నిన్నగాక మొన్న మొదలుపెట్టావు, అంత హడావుడి ఎందుకురా?

వారానికి మూడు రోజులు చాలు. రోజు విడిచి రోజు వెళ్లు, వెళ్లిన ప్రతిసారీ ఒళ్లంతటికీ పని పెట్టు. కాళ్లకు స్క్వాట్ (భుజాల మీద బరువుతో గుంజీలా కూర్చుని లేవడం) ఒక రోజు, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (వీపు వంచకుండా ముందుకు వంగి, బరువుతో పైకి లేవడం) ఇంకో రోజు. పైభాగానికి బెంచ్ ప్రెస్ (బెంచీ మీద పడుకుని బరువు పైకి తోయడం), ఓవర్‌హెడ్ ప్రెస్ (తలపైకి తోయడం) లాంటి తోసేవి ఒకటో రెండో, రోయింగ్, పుల్‌డౌన్ లాంటి లాగేవి ఒకటో రెండో. చివర్లో ఓపికుంటే చేతులకో పిక్కలకో ఒకటి. ఏ కండకైనా వారం మొత్తమ్మీద 10 సెట్ల దాకా పడితే నీకు బోలెడు (మధ్యలో ఆగకుండా చేసే ఒక్కో విడతే సెట్). అవన్నీ ఒకేరోజు కుక్కేస్తే చివరి సెట్లు ఊరికే చేతులాడించినట్టే అవుతాయి. రెండు మూడు రోజులకు పంచుకో.

ఇక బరువు సంగతి. చాలామంది ఏ వ్యాయామం మంచిదా అని వెతుకుతూ ఉంటారు గానీ, అసలు కిటుకు ఇక్కడుంది. బెంచ్ ప్రెస్‌కి 40 కిలోలు వేసుకున్నావనుకో. మూడు సెట్లలో వరసగా 10, 9, 8 రెప్స్ వచ్చాయి (ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్). నోట్‌బుక్‌లో రాసుకో. మళ్లీ వెళ్లినప్పుడు అదే బరువు మీద ఏదో ఒక సెట్‌లో ఇంకొక్కటి ఎక్కువ రావాలి, అంతే. మూడు సెట్లలోనూ 12 వచ్చాకే 42.5 వేయి. అప్పుడు రెప్స్ మళ్లీ 9కో 8కో పడిపోతాయి. పడనీ, కంగారుపడకు.

1940లలో థామస్ డెలార్మ్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు గాయపడ్డ సైనికులకు ఇలాగే కొద్దికొద్దిగా బరువు పెంచుతూ వ్యాయామం చేయించి బలం తెప్పించాడు. ఇప్పటికీ అంతకన్నా సులువైన దారి లేదు.

సెట్ ఎక్కడ ఆపాలన్నావు కదా. నువ్వు అంతే బలంగా తోస్తున్నా బార్ దానంతటదే నెమ్మదిస్తుంది చూడు, అక్కడి నుంచి ఇంకొకటో రెండో మాత్రమే వస్తాయి. అక్కడ ఆపేయి. నడుము బెంచీ మీంచి లేపి, ఒళ్లు మెలికలు తిప్పి లాగిన రెప్‌ని లెక్కలో వేసుకోకు. తేలిక బరువుతో 25, 30 రెప్స్ చేసినా కండ పెరుగుతుంది, కాకపోతే అదీ ఇలా చివరిదాకా వెళ్లాలి. స్క్వాట్‌లో అలా చేస్తే కాళ్లకంటే ముందు ఊపిరి అయిపోతుంది.

పెద్ద వ్యాయామాల్లో సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు మూడు నిమిషాలు కూర్చో. చెమట కారితేనే పని జరిగినట్టు కాదు. మర్నాడు ఒళ్లు నొప్పులు లేవని టెన్షన్ కూడా వద్దు, నొప్పి కొలబద్ద కాదు. కీలులో చురుక్కుమంటే మాత్రం ఆ రోజుకి ఆ వ్యాయామం మానేయి.

మొదటి వారాల్లో బరువులు చకచకా పెరుగుతాయి. అందులో ఎక్కువ భాగం నరాలు పని నేర్చుకోవడం వల్ల వచ్చే బలమే. అద్దంలో తేడా కనబడడానికి నెలలు పడుతుంది. ఈలోగా ఎవడో చెప్పాడని ప్లాన్ మార్చావో, నోట్‌బుక్‌లో పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

తిండి విషయంలో నీ ఒంటి బరువు కిలోకి రోజుకు 1.6 గ్రాముల ప్రోటీన్ చూసుకో. 60 కిలోలుంటే సుమారు 96 గ్రాములు. రాత్రి ఏడెనిమిది గంటలు పడుకో.

ఎప్పుడైనా రెండు మూడు వారాలు అంకెలు కదలకపోతే ముందు నిద్ర, తిండి చూడు. అవి సరిగ్గానే ఉంటే ఒక వారం సెట్లు సగానికి తగ్గించి, తర్వాత పాత బరువుతోనే మళ్లీ మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
మామయ్య