నౌన్ ఏదో తెలియని అమ్మాయికి స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సా?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి వరకు తెలుగు మీడియం. ఇప్పుడు బీకాం ఫైనలియర్. బ్యాంకు ఉద్యోగాల కోసం ఐబీపీఎస్ క్లర్క్ పరీక్షకు ప్రిపేరవుతోంది. నౌన్ ఏదో, వెర్బ్ ఏదో కూడా చెప్పలేకపోతోంది. మా అన్నయ్య కొడుకు ఇంగ్లిష్‌లో గడగడా మాట్లాడుతుంటే నాకు చిన్నతనంగా ఉంటోంది. 60 రోజుల స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు మంచిదా, గ్రామర్ కోచింగ్ మంచిదా?
– ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: డిగ్రీకి వచ్చాక ఇక ఇంగ్లిష్ రాదేమోనన్న భయంతో ఇలాంటి ప్రశ్నలు నాకు తరచూ వస్తుంటాయి. వస్తుందండీ, ఆ టెన్షన్ వదిలేయండి. మీ అమ్మాయికి ఇవేమీ కొత్త కాదు. నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ అని బడిలో చదువుకున్నవే ఇక్కడ నౌన్, ప్రొనౌన్, అడ్జెక్టివ్, వెర్బ్.

తను తడబడేది నిర్వచనాల దగ్గర కాకపోవచ్చు. ఇంగ్లిష్‌లో ఒకే మాట వాక్యాన్ని బట్టి పని మార్చుకుంటుంది. ‘ద ట్రాన్స్‌ఫర్ వాజ్ డిలేడ్’లో ట్రాన్స్‌ఫర్ నౌన్. ‘ప్లీజ్ ట్రాన్స్‌ఫర్ ద మనీ’లో అదే మాట వెర్బ్. ‘ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్’లో నౌనే అయినా పక్క మాటను వివరిస్తూ అడ్జెక్టివ్ పని చేస్తోంది. అందుకే విడి మాట చూపించి ‘ఇదేంటో చెప్పు’ అని అడిగితే ఎవరైనా తికమక పడతారు. మీరు అలాగే అడుగుతున్నారేమో చూసుకోండి.

ఇక స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సుల మీద నా అనుమానాలు చాలానే ఉన్నాయి. ‘గ్రామర్ అక్కర్లేదు, నేరుగా మాట్లాడేయండి’ అన్నది ఇప్పుడు బాగా నడుస్తున్న ప్రచారం. బెరుకు పోవడానికి అది పనికొస్తుంది, కాదనను. కానీ అలాంటి చాలా క్లాసుల్లో హోటల్లో ఏమనాలి, ఫోన్లో ఏమనాలి అని రెడీమేడ్ వాక్యాలు వల్లె వేయిస్తారు. వాక్యంలో ఒక్క మాట మారితే పిల్లలు ఆగిపోతారు. పైగా క్లర్క్ ఉద్యోగానికి ఇంటర్వ్యూయే లేదు. పరీక్షలో ఎదురయ్యేవి ‘ద ఫర్నిచర్స్ ఇన్ దిస్ రూమ్ ఆర్ ఓల్డ్’ లాంటి వాక్యాలు. ఫర్నిచర్ లెక్కపెట్టని నౌన్, దానికి ఎస్ చేరదు, వెర్బ్ ‘ఈజ్’ కావాలి. ఇన్ఫర్మేషన్, అడ్వైస్, లగేజ్ కూడా అంతే. ‘దే డిస్కస్డ్ అబౌట్ ద లోన్’ అన్నదీ తప్పే. ‘లోన్ గురించి’ అనే మన అలవాటు అక్కడ అబౌట్‌ను తెచ్చిపెడుతుంది. ‘హి హార్డ్‌లీ వర్క్స్’ అంటే కష్టపడతాడని కాదు, పెద్దగా పనిచేయడని. ఇవి మాట్లాడే క్లాసులో ఎవరూ దిద్దరు, మాట ఆగిపోతుందని వదిలేస్తారు.

కాబట్టి ఇప్పటికి గ్రామరే. అది కూడా వేలకు వేలు కట్టి కాదు. హైస్కూల్ స్థాయి గ్రామర్ పుస్తకం ఒకటి చాలు. రోజూ ఇంగ్లిష్ పేపర్లో ఒక చిన్న పేరా తీసుకుని, ప్రతి మాటా అక్కడ ఏం పని చేస్తోందో పెన్సిల్‌తో రాసుకోమనండి. ఎ, ఎన్, ద కనిపిస్తే ఆ తర్వాత ఎక్కడో నౌన్ ఉంటుంది. విల్, కెన్ తర్వాత వెర్బ్ కోసం వెతకాలి. ఎ, ఎన్, ద అనే ఈ ఆర్టికల్స్ మన భాషలో లేవు కాబట్టి వాటికి ఎక్కువ టైమ్ పడుతుంది, కంగారు పెట్టొద్దు. ముందుముందు బ్యాంకు ఆఫీసర్ పరీక్ష పీవో రాస్తానంటే దానికి ఇంటర్వ్యూ ఉంటుంది, మాట్లాడే సాధన అప్పుడు చూసుకోవచ్చు.

ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. చిన్నతనంగా ఉంటోందన్నది మీకు. ఆ బరువు పిల్ల నెత్తిన ఎందుకు పెడుతున్నారు? మీ అన్నయ్య కొడుకు చదివిన బడి వేరు, విన్న ఇంగ్లిష్ వేరు. చుట్టాల ముందు ‘ఏదీ, ఇంగ్లిష్‌లో చెప్పు’ అని అడిగే అలవాటుంటే ఈ రోజే మానేయండి. బీకాం ఫైనలియర్ దాకా వచ్చిన అమ్మాయి ఆమె. పెన్సిల్‌తో గుర్తులు పెట్టిన పేపర్ మీ దగ్గరకు తెస్తే తప్పులు వెతక్కండి, ‘ఈ మాట ఇక్కడ నౌన్ ఎలా అయిందమ్మా?’ అని అడిగి చెప్పించుకోండి.