ఇన్సాట్-1బి: ఒకే ఉపగ్రహం టెలిఫోన్లకూ రేడియోకూ ఎలా ఉపయోగపడింది?

1983 ఆగస్టు 30న అమెరికా ఛాలెంజర్ వ్యోమనౌక మోసుకెళ్లిన భారత సమాచార ఉపగ్రహం ఇన్సాట్-1బి, అంతకు ముందు ఏడాది కొద్ది నెలలకే విఫలమైన ఇన్సాట్-1ఎ స్థానాన్ని భర్తీ చేసింది. భూమధ్యరేఖకు దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూభ్రమణంతో సమానమైన వేగంతో తిరగడం వల్ల అది ఆకాశంలో ఒకేచోట నిలిచినట్లు ఉండేది; అందుచేత భూకేంద్రాల యాంటెనాలను దానివైపు స్థిరంగా నిలిపి ఉంచడం సాధ్యమైంది.

దానిలోని 12 సి-బ్యాండ్ (ఒక రేడియో పౌనఃపున్య శ్రేణి) ట్రాన్స్‌పాండర్లు, అంటే సంకేతాలను అందుకుని తిరిగి పంపే పరికరాలు, 6 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో అందిన బలహీన సంకేతాలను 4 గిగాహెర్ట్జ్ ప్రాంతానికి మార్చి, బలపరచి తిరిగి పంపేవి. దూరప్రాంతాల టెలిఫోన్ సంభాషణలు కొన్ని ఈ మార్గంలో నడిచేవి, అయితే మాట అవతలి వారికి చేరడానికి సుమారు పావు సెకను పట్టేది.

రేడియో విషయంలో చాలామంది పొరబడే అంశం ఒకటుంది. శ్రోతల ఇళ్లలోని రేడియోలు ఉపగ్రహ సంకేతాన్ని నేరుగా అందుకోలేదు. ఆకాశవాణి జాతీయ కార్యక్రమాలను ఉపగ్రహంలోని ఎస్-బ్యాండ్ (మరో పౌనఃపున్య శ్రేణి) ద్వారా స్థానిక కేంద్రాలు స్వీకరించి, తమ ట్రాన్స్‌మిటర్ల నుంచి పునఃప్రసారం చేసేవి. అంతకుముందు షార్ట్‌వేవ్ ప్రసారాన్ని పట్టి వినిపించవలసి వచ్చినప్పుడు ధ్వని హెచ్చుతగ్గులకు లోనయ్యేది. నా దృష్టిలో, టెలివిజన్ విస్తరణ వెలుగులో మరుగునపడిన ఈ మెరుగుదల ఎంతో విలువైనది.