రేసింగ్ క్వాడ్‌కు క్లచ్ కొనే ముందు: మేనల్లుడికి ఉత్తరం

బెంగళూరు

చిరంజీవి కిరణ్‌కు,

మామయ్య ఆశీస్సులు. నీ యమహా రేసింగ్ క్వాడ్ (నాలుగు చక్రాల బండి) వైఎఫ్‌జెడ్450ఆర్‌కు పెద్ద పిస్టన్, క్యామ్ వేయించాక మూడో గేరులో థ్రాటిల్ పూర్తిగా నొక్కితే ఇంజిన్ అరుస్తోంది గానీ బండి అందుకోవట్లేదని రాశావు. అంటే క్లచ్ జారుతోంది. జేసీ రోడ్డు స్పేర్ పార్టుల దుకాణాల్లో క్లచ్‌కు గట్టి స్ప్రింగులు వేయించుకోమన్నారట. ఇప్పుడే వేయించకు. స్ప్రింగుల సంగతి చివర్న చూద్దాం, ముందు బాస్కెట్ (క్లచ్ ప్లేట్లు కూర్చునే, చుట్టూ వేళ్లలాంటి పట్టీలున్న గిన్నె) చూడాలి.

క్వాడ్‌లో క్లచ్ మీద పడే భారం బైకుతో పోల్చలేనిది. వైజెడ్450ఎఫ్ మోటోక్రాస్ బైకు 110 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, నీ బండి 180 కిలోలు దాటుతుంది. పైగా వెనక రెండు వెడల్పు టైర్లు, మధ్యలో డిఫరెన్షియల్ (రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) లేని ఒకటే యాక్సిల్. బైకు టైరయితే మట్టిలో గిర్రున తిరిగి ఆ దెబ్బను వదిలేస్తుంది. క్వాడ్ టైర్లు నేలను పట్టేస్తాయి కాబట్టి జారడానికి మిగిలేది క్లచ్చే.

విప్పే ముందు రెండు చూడు. లీవర్ చివర 10 మిల్లీమీటర్ల వరకు ఖాళీ కదలిక ఉండాలి. కేబుల్ బిగుసుకుని అది లేకపోతే లీవర్ వదిలినా క్లచ్ సగం నొక్కినట్టే ఉండి ప్లేట్లు మాడిపోతాయి. రెండోది ఆయిల్. డబ్బా మీద జాసో ఎంఏ2 (ఆయిల్లో తిరిగే క్లచ్ ఉన్న బైకుల ఆయిల్‌కు జపాన్ ప్రమాణం) అని ఉండాలి. కార్ల ఆయిల్లో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. ఇంజిన్‌కు అవి మేలే గానీ, ఆయిల్లో మునిగి తిరిగే మన క్లచ్‌ను జారుస్తాయి. ఈ రెండూ సరిగ్గా ఉండి ఇంకా జారుతుంటేనే కవర్ విప్పు.

ప్లేట్లు తీశాక బాస్కెట్ వేళ్ల పక్క అంచుల వెంట గోరుతో గీసి చూడు. ఫైబర్ ప్లేట్ల (రాపిడి పూత ఉన్న ప్లేట్లు) అంచున పొడుచుకొచ్చిన చెవులు కొట్టుకునే చోట గాట్లు పడతాయి. గోరు ఆగితే గాటు ఉన్నట్టే. కంపెనీ బాస్కెట్ పోతపోసిన అల్యూమినియం, మెత్తన. థ్రాటిల్ నొక్కి వదిలిన ప్రతిసారీ ప్లేటు చెవి దాన్ని సమ్మెటలా కొడుతుంది. గాటు లోతయ్యాక ప్లేటు అందులో ఇరుక్కుంటుంది, లీవర్ వదిలినా పూర్తిగా అతుక్కోదు, నొక్కినా పూర్తిగా విడిపోదు. ఇలాంటి బాస్కెట్‌లో గట్టి స్ప్రింగులు, కొత్త ప్లేట్లు వేస్తే నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. చదునైన ఆకురాయితో గాట్లు నున్నగా చేయవచ్చు, కానీ ఒక్కసారే, అదీ పైపైన. ఎక్కువ అరగదీస్తే చెవికీ వేలికీ మధ్య సందు పెరిగి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది, చివరికి వేలు విరుగుతుంది. విరిగిన ముక్క ఆయిల్ పంపు దాకా పోతే ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే.

అందుకే డబ్బు ముందు బాస్కెట్ మీద పెట్టు. హిన్సన్ లాంటి క్లచ్ కంపెనీలవాళ్లు గట్టి అల్యూమినియం దిమ్మెను చెక్కి, పైన హార్డ్ ఆనోడైజింగ్ (గట్టి పైపొర) చేసి అమ్ముతారు. బాస్కెట్ లోపల స్టీలు ప్లేట్లను పట్టుకునే ఇన్నర్ హబ్ పళ్ల మీద కూడా ఇవే గాట్లు పడతాయి కాబట్టి బాస్కెట్, హబ్, ప్రెషర్ ప్లేట్ (స్ప్రింగుల బలంతో ప్లేట్లను అదిమే పళ్లెం) ఒకే సెట్‌గా తీసుకోవడం మంచిది. ఒకేసారి అంత పెట్టలేకపోతే బాస్కెట్, ఆ తర్వాత హబ్. పీణ్య పారిశ్రామికవాడలో ఇలాంటిదే చెక్కిస్తామని ఎవరైనా అంటే ఏ గ్రేడ్ అల్యూమినియమో అడుగు. చేత్తో చూస్తే 6061కి, అంతకంటే గట్టిదైన 7075కి తేడా తెలియదు, ఆ వేగంలో తిరిగేటప్పుడు మాత్రం తెలుస్తుంది.

కొత్త బాస్కెట్‌కు గేరు రాదు, పాతదాని వెనకున్న గేరును విప్పి దీనికి బిగించాలి. రివెట్ల తలలు డ్రిల్ చేసి తీయిస్తారు. గేరు లోపలి కుషన్లు కొత్తవి వేయించు. పాతవి వదులైతే ప్రతి కుదుపూ నేరుగా బాస్కెట్‌కే పోతుంది. రివెట్ల స్థానంలో వచ్చే స్క్రూల మరలకు థ్రెడ్‌లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) పట్టించి, టార్క్ రెంచ్‌తో బిగించమను. అందులో ఒక్క స్క్రూ ఊడినా ఇంజిన్‌లోనే పడుతుంది.

ప్లేట్ల విషయం. ఫైబర్ ప్లేట్ల మధ్య వచ్చేవి స్టీలు ప్లేట్లే వేయించు. అల్యూమినియం ప్లేట్లు తేలికే గానీ త్వరగా అరిగి ఆయిల్‌ను బూడిద రంగులోకి మారుస్తాయి. పాత స్టీలు ప్లేట్లను అద్దం పలక మీద పెట్టి చుట్టూ ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి బ్లేడ్లు) దూర్చు. 0.1 మిల్లీమీటర్ బ్లేడు దూరితే వంకరపోయినట్టు, నీలంగా మారితే మాడినట్టు. రెంటిలో ఏది కనబడ్డా సెట్ మొత్తం మార్చేయి. ఫైబర్ ప్లేట్లు కెవ్లార్‌వి వేడిని బాగా తట్టుకుంటాయి కానీ కొన్ని టక్కున పట్టుకుంటాయి. స్టార్టింగ్ గేటు దగ్గర హాఫ్ క్లచ్‌తో ఎక్కువ ఆడేవాడికి కంపెనీ ప్లేట్లే సుఖం. ఏవైనా సరే, కనీసం రాత్రంతా ఇంజిన్ ఆయిల్లో నాననివ్వు. పొడిగా వేస్తే మొదటి స్టార్ట్‌లోనే పైపొర మాడుతుంది.

బిగించేటప్పుడు హబ్ నట్టుకు ఇంపాక్ట్ గన్ వాడనివ్వకు, వేళ్ల మధ్య స్క్రూడ్రైవర్ పెట్టి ఆపనివ్వకు. క్లచ్ హోల్డర్ అనే పనిముట్టు దొరుకుతుంది, తక్కువ ఖర్చే. లాక్ వాషర్ ప్రతిసారీ కొత్తది. విప్పేటప్పుడు లోపల పల్చటి జడ్డర్ స్ప్రింగ్ (క్లచ్ పట్టేటప్పుడు కుదుపు తగ్గించే రింగు) కనబడితే ఏ వైపు తిరిగి ఉందో ఫోటో తీసుకో. తిరగేసి వేస్తే క్లచ్ సరిగ్గా పనిచేయదు.

ఇప్పుడు స్ప్రింగులు. కంపెనీవాటికంటే 10 నుంచి 15 శాతం గట్టివి నీ ఇంజిన్‌కు చాలు. అంతకు మించితే లీవర్ బరువెక్కి చెయ్యి లాగుతుంది, అలసిన చేత్తో సగం నొక్కి నడిపితే ప్లేట్లు ఇంకా త్వరగా పోతాయి. అన్నీ ఒకేసారి మార్చు, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించు. ఎంత టార్కో మాన్యువల్‌లో చూడు, చేతి అంచనా వద్దు.

రెక్లూజ్ కంపెనీ ఆటోమేటిక్ క్లచ్ గురించి అడిగావు. మలుపుల్లో, పడి లేచాక ఇంజిన్ ఆగిపోకుండా చూస్తుంది, పొడవాటి రేసుకు మంచిదే. కానీ దాని ఖాళీ కదలికను ప్రతి రైడ్‌కు ముందు సరిచూడాలి. ఆ ఓపిక ఉంటేనే తీసుకో. అపకేంద్ర బలంతో బిగుసుకునే లాకప్ క్లచ్ తిన్నగా దూసుకెళ్లే డ్రాగ్ రేసులకు, నీకు అక్కర్లేదు.

ఒకటి గుర్తుంచుకో. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, గాలి 8–9 శాతం పల్చన. ఇక్కడ జారకుండా నిలిచిన క్లచ్ చెన్నైలో జారవచ్చు, అక్కడ ఇంజిన్ బలం పెరుగుతుంది, ఆయిల్ కూడా ఇంకా వేడెక్కుతుంది. ఆ వైపు పోటీకి వెళ్లే ముందు కొత్త ఆయిల్ పోసి, ఒక సెట్ ఫైబర్ ప్లేట్లు, స్ప్రింగులు, కవర్ గాస్కెట్ పెట్టెలో వేసుకో. ప్లేట్లు బయలుదేరే ముందు రాత్రే ఆయిల్ డబ్బాలో నానబెట్టి తీసుకెళ్లు.

బాస్కెట్ విప్పాక వేళ్ల ఫోటోలు పగటి వెలుతురులో తీసి పంపు. ఆకురాయి పెట్టవచ్చో లేదో చూసి చెబుతాను, అప్పటిదాకా ఏమీ ఆర్డర్ చేయకు.

మామయ్య